జానతో కొలిచిన ఆకాశం

1992. ఒమాన్‌లోని అల్ సువైక్‌లో ఓ ట్రావెల్ ఏజెన్సీలో కొత్తగా చేరాను. గోడ మీది ప్రపంచపటాన్ని జానతో కొలిచి విమాన ప్రయాణం ఎన్ని గంటలో చెప్పిన మొనగాణ్ణి ఈ వృత్తిలో నేనొక్కణ్ణే అయ్యుంటాను. ప్రొద్దుటూరులో మాది బట్టల కొట్టు. గజం బద్ద కనబడకపోతే మాకు జానే ఆధారం.

ఖర్జూరపు తోటల ఆసామి సలీం గారు వచ్చారు. అరవై దాటిన మనిషి.

"స్టాక్‌హోంలో పంపుల కంపెనీ చూసుకుని హెల్సింకీ పోవాలి రఫీక్. మా తోటలో మోటార్లు బిగించిన అక్కడి ఇంజినీరు కూతురి పెళ్లి. ఆ పిల్ల మా చెట్ల కిందే నడక నేర్చింది. మధ్యాహ్నం రెండింటికి పెళ్లి. రాకపోతే ఊరుకోనంది. స్టాక్‌హోం నుంచి ఎంతసేపు ప్రయాణం?"

పటం మీద జాన పెట్టాను. మస్కట్ నుంచి ఒమాన్ దక్షిణపు కొసనున్న సలాలాకి, అంటే దాదాపు రెండు గంటల విమానానికి, ఉన్నంత దూరం తేలింది. "రెండు గంటలు," అన్నాను. టికెట్ కూడా పదింటికి ఎక్కి పన్నెండింటికి దిగాలంది. నా జాన మీద నాకే ముచ్చటేసింది. "స్టాక్‌హోంలో వాచీ ఒకసారి తిప్పుకోండి చాలు. యూరప్ అంతా ఒకటే టైమ్," అని ఉచిత సలహా కూడా పారేశాను.

పెళ్లి రోజు మధ్యాహ్నం షట్టర్ దించబోతుంటే హెల్సింకీ హోటల్ నుంచి ఆయన ఫోన్.

"రఫీక్, నీ విమానం గంట ముందే దిగింది! ఇప్పుడు పన్నెండే. ఒక గంట పడుకుని పెళ్లికి పోతా."

పొంగిపోయి మా సీనియర్, కడప ఖాదర్ భాయ్‌కి చెప్పాను.

"రెండు గంటల దారిలో గంట ముందొచ్చిందా? మబ్బుల్లో యాడన్నా అడ్డదారి ఉందేమోలే అబ్బయ్యా!" అంటూ ఆయన టైమ్‌టేబుల్ తెరిచాడు. అందులో ప్రతి ఊరి పక్కనా జీఎంటీ తేడా, అంటే లండన్ గడియారంతో ఆ ఊరి లెక్క, ఉంటుంది. హెల్సింకీ స్టాక్‌హోం కంటే గంట ముందు. టికెట్ మీద దిగే టైమ్ వేసేది దిగే ఊరి గడియారం ప్రకారం. అసలు ప్రయాణం గంటే. దూరం నాలుగొందల కిలోమీటర్లు, సలాలా దూరంలో సగం. ఉత్తరానికి పోయేకొద్దీ పటం సాగుతుందట, నాసిరకం బనీను గుడ్డలాగా.

"అయితే అక్కడిప్పుడు..."

"ఒంటిగంట దాటింది. ఆయన నిద్ర లేచేసరికి పెళ్లి అయిపోతాది. చెయ్యి ఫోను!"

గదిలో ఎవరూ ఎత్తలేదు. రిసెప్షన్ అమ్మాయి మీద నాకొచ్చిన ఇంగ్లీషంతా ఖర్చుపెట్టి తలుపు కొట్టించాను. చివరికి నిద్రగొంతు వినిపించింది.

"ఏమైంది రఫీక్? విమానం వెనక్కి పోయిందా?"

"మీ వాచీ గంట వెనకుంది సార్! పరిగెత్తండి!"

తిరిగొచ్చాక కౌంటర్ మీద ఫొటో పెట్టారు. డిష్‌డాషాలో, అంటే ఒమానీల పొడవాటి తెల్ల అంగీలో ఆయన, పక్కన ఖర్జూరాల బుట్ట పట్టుకుని పెళ్లికూతురు. "నాకోసం గుమ్మంలోనే నిలబడి ఉంది," అని మూడుసార్లు చెప్పారు. అప్పటినుంచి ఏ టికెట్ రాసినా రెండు ఊళ్ల గడియారాలూ అడక్కుండానే చెప్పడం నాకు అలవాటైంది.

ఇక బిల్లు. ఫోన్ ఖర్చు ఆరు రియాళ్లు అర్బాబ్, అంటే మా యజమాని, నా జీతంలో కోశాడు. సగమే కోయమని బేరమాడాను. "జానతో కొలిచి రెట్టింపు చెయ్యనా?" అన్నాడు. తిరుగు ప్రయాణంలో సలీం గారు హెల్సింకీలో పన్నెండింటికి ఎక్కి స్టాక్‌హోంలో పన్నెండింటికే దిగారు కాబట్టి, ఆయన పోగొట్టుకున్న గంట ఆయనకు చేరింది. నా ఆరు రియాళ్లు మాత్రం రాలేదు.