పిట్స్‌బర్గ్‌కు ఒక్క ఐబు

వికారాబాద్‌లో రైలెక్కి, పక్కన కూర్చున్న తాండూరు పెద్దమ్మకు నా ఫోన్‌లో ఫొటోలు చూపించాను. నిరుడు అమెరికాలోని పిట్స్‌బర్గ్‌కు ఓ పెళ్లికి వెళ్లినప్పుడు తీసినవి. దారిలో చూసిన సిన్సినాటిలోనూ నది ఒడ్డున పెద్ద మేడలే గానీ, పిట్స్‌బర్గ్ అందం వేరని, కొండ మీంచి చూస్తే వంతెనలూ మేడలూ ఒక్క చూపులో కనిపిస్తాయని ఉత్సాహంగా చెబుతున్నాను. ఆమె ఒళ్లో సంచీని గట్టిగా పట్టుకుంది.

"ప్లాట్లు అమ్ముతవా బిడ్డా?"

లేదన్నాను. నమ్మలేదు.

"అనంతగిరి దిక్కు జాగలమ్మెటోళ్లు గూడ గిట్లనే ఫోన్ల బొమ్మలు చూపిస్తరు. మా మరిది గవి చూసే కొని ఆగమైండు. సరే, గా ఊరికి ఒక్క ఐబన్న చెప్పు. ఆడ బతికినోళ్లకైతే ఎర్కుంటది."

నేనక్కడ ఉన్నది నాలుగు రోజులే. ఏ లోపమూ గుర్తుకు రాలేదు. ఆమె కిటికీ వైపు తిరిగిపోయింది.

ఆమె దిగే ముందు, తాండూరు ఎలా ఉంటుందని నేనే అడిగాను.

"దుమ్ము. నాపబండలు కోసే పొడి అన్నంల గూడ పడ్తది. ఎండకాలం ఇంట్ల కూసోరాదు, బయట నిలవడరాదు." నా మొహం చూసి మొదటిసారి నవ్వింది. "ఫికర్ చెయ్యకు. నేనేం అమ్ముతలేను."