మా గదిలోకి ఎండ తెచ్చిన వైనం

కొత్తగా పెళ్లయిన మగవాడు చేయగల తెలివితక్కువ పనులు చాలా ఉన్నాయి. వాటిలో ఎక్కువభాగం నేనూ చేశాను. అవి అందరిళ్లలోనూ ఉండేవే కనుక చెప్పి మీకు విసుగు తెప్పించను. కానీ సూర్యుణ్ని పట్టుకుని ఎటు కావాలంటే అటు తిప్పి, ఆ సంగతి దాచిపెట్టి నాలుగు నెలలు కాపురం చేసినవాడు ఈ సూరత్ మొత్తంలో నేనొక్కణ్నే అయ్యుంటాను. నా పరువు ఎలా గంగలో కలిసిందో చెబుతాను, వినండి.

అప్పట్లో ఈ ఊళ్లోనే అడాజన్ పేట‌లో ఒక ఇంటీరియర్ డిజైన్ ఆఫీసులో పనిచేసేవాణ్ని. ఇంకా కట్టని గదులను కంప్యూటర్‌లో కట్టి, అచ్చం ఫొటోలా కనిపించే బొమ్మలు తయారుచేయడం నా ఉద్యోగం. మాఘమాసంలో పెళ్లయింది. నా భార్య స్వరూపది కోరుట్ల దగ్గర ఊరు. బీఈడీ పరీక్షలు రాసి వేసవిలో వస్తానంది. పెళ్లికి పెట్టిన సెలవులో మాకు మిగిలింది పన్నెండు రోజులు. అవి కాగానే ఒక్కణ్నే రైలెక్కాను. ఆ తర్వాత కొద్దిరోజులకే లాక్‌డౌన్ వచ్చింది. పరీక్షలు లేవు, రైళ్లు లేవు. మొగుడూ పెళ్లాలం ఫోన్ తెరమీద రెండు చిన్న డబ్బాలుగా మిగిలాం.

ఆమెను తలుచుకుందామంటే నా దగ్గర సరుకు కూడా తక్కువే. పన్నెండు రోజుల్లో ఎంతని పోగవుతుంది? చాయ్ గ్లాసును రెండు చేతులతో పట్టుకుని ఊదడం, జడ అల్లుకుంటూ నోట్లో రబ్బరు బ్యాండు పెట్టుకుని మాట్లాడటం, అంతే. ఆ రెండింటినే రోజూ తీసి చూసుకుంటూ, వాడివాడి అరగ్గొడుతున్నానేమోనని దిగులుపడే స్థితికి వచ్చాను.

ఒక సాయంత్రం స్వరూప అడిగింది.

"మన రూం జర చూపెట్టరాదు. ఎట్లుంటదో నేను సూడనే లేదు."

అసలు గది సంగతి మీకైనా నిజం చెప్పాలి. రెండో అంతస్తు, వెనకవైపు. ఉన్నది ఒక్కటే కిటికీ, అదీ ఉత్తరానికి. తెరిస్తే చెయ్యి చాపినంత దూరంలో పక్క బిల్డింగు గోడ. మిట్టమధ్యాహ్నం లైటు వేసుకుని బియ్యంలో రాళ్లు ఏరుకునేవాణ్ని.

"నెట్‌వర్క్ మంచిగ లేదు. రేపు ఫొటో పంపుతా" అన్నాను.

మర్నాడు ఫొటో తీస్తే అచ్చం గుహలాగే వచ్చింది. కొత్త పెళ్లికూతురికి గుహను ఎలా పంపను? అప్పుడు నా వృత్తి గుర్తొచ్చింది.

టేపు పెట్టి గది కొలిచి, మంచం, ట్రంకుపెట్టె, గ్యాసుపొయ్యితో సహా కంప్యూటర్‌లో కట్టేశాను. ఇక వెలుతురు. ఆ సాఫ్ట్‌వేర్‌లో కిరణం ఒక గోడకు తగిలి, అక్కణ్నుంచి ఇంకో గోడకు ఎగిరి, అలా ఎన్నిసార్లు ఎగిరాక ఆగిపోవాలో మనమే అంకె వేయాలి. రెండు వేశాను. గుహ. ఎనిమిది వేశాను. దీపం పెట్టిన గుహ. ఇరవైనాలుగు వేస్తే నా ల్యాప్‌టాప్ ఫ్యాను మరమగ్గంలా మొత్తుకుంది. ఇంటి యజమానురాలు ఇలాబెన్ వచ్చి తలుపు తట్టి, లోపల మెషీనేమైనా పెట్టావా అని హిందీలో నిలదీసింది.

"భాయ్, అందర్ మషీన్ లగాయా హై క్యా?"

"కంప్యూటర్ హై, ఇలాబెన్."

"కంప్యూటర్ ఐసే రోతా హై?" అని, కంప్యూటర్ ఇలా ఏడవడం ఎక్కడా విననట్టు, నా వెనక మగ్గమేదైనా దాగి ఉందేమోనని గది నాలుగు మూలలా చూసి వెళ్లింది.

ఇంతా చేస్తే బొమ్మలో మళ్లీ గుహే. సాఫ్ట్‌వేర్ తప్పేమీ లేదు. ఉన్న గదిని ఉన్నట్టు చూపించింది. నిజాయితీపరులతో వచ్చే చిక్కే అది. కనుక ముందు పక్క బిల్డింగును తీసేశాను. నోటీసులూ కోర్టులూ లేకుండా, ఒక్క మీటతో నాలుగంతస్తులు మాయం. అయినా ఉత్తరపు కిటికీలోంచి ఎండ రాదు కదా. ఊరునూ నెలనూ గంటనూ బట్టి సూర్యుడు ఎక్కడుండాలో ఆ సాఫ్ట్‌వేరే లెక్క కడుతుంది. ఉత్తరం ఎటుందో చెప్పే చిన్న ముల్లు మాత్రం మన చేతిలో ఉంటుంది. ఆ ముల్లును పట్టుకుని తిప్పాను. కిటికీ తూర్పుకు తిరిగింది. మంచం మీద ఎండ కరిగిన నెయ్యిలా పరుచుకుంది. కింద 'పొద్దున' అని రాసి పంపించాను.

వెంటనే ఫోన్ వచ్చింది.

"ఇది మన రూమేనా?"

"మనదే."

"గింత ఎండ వస్తదా?"

అది నేను చేసిన బొమ్మ అని చెప్పడానికి ఒక్క నిమిషం పట్టేది. కానీ నెలరోజులుగా దిగులుగా వినిపిస్తున్న గొంతు ఆ క్షణంలో విచ్చుకుంది. దాన్ని మళ్లీ మూయించే ధైర్యం నాకు లేకపోయింది.

"వస్తది" అన్నాను.

"అమ్మకు గూడ చూపిస్త. మధ్యాహ్నం ఎట్లుంటదో అది గూడ పంపు."

మర్నాడు ముల్లు ఇంకొంచెం తిప్పి 'మధ్యాహ్నం' పంపాను. ఆ మర్నాడు ఇంకా తిప్పి 'సాయంత్రం' పంపాను. అలా మా కాపురం మొదలైంది.

"పర్ద పసుపుపచ్చదైతే బాగుండు" అంది ఒకరోజు. మర్నాటికల్లా పసుపు పర్దా వేలాడింది.

"షాపులన్ని బందున్నయ్ గదా, ఏడ దొరికింది?"

"ఇలాబెన్ ఇచ్చింది."

తర్వాత కిటికీలో తులసికుండీ అడిగింది, పెట్టాను. నెల దాటాక అంది: "తులసికి నీళ్లు పోస్తున్నవా?"

"రోజూ పోస్తున్న."

"మరి ఒక్క ఆకన్న కొత్తది రాలేదేంది?"

ఆ రోజు ఆఫీసు పని పక్కన పెట్టి తులసికి ఆరు ఆకులు మొలిపించాను.

ఒకసారి, "మంచం మీద రెండో దిండు పెట్టు. గోడ దిక్కు" అంది. పెట్టాను. ఆ బొమ్మ తయారు కావడానికి పూటంతా పట్టింది. మొదట రవ్వ చల్లినట్టు చుక్కలు చుక్కలుగా, తర్వాత కొంచెం కొంచెంగా తేటపడుతూ, ఖాళీ దిండు మీద ఎండ వాలింది. నేను నిజం మంచం మీద, ఒకే ఒక్క దిండుకు ఆనుకుని, లైటు వేసుకుని దాన్నే చూస్తూ కూర్చున్నాను. పంపడానికి చాలాసేపు చేయి రాలేదు.

రైళ్లు కొన్ని మొదలయ్యేసరికి ఆషాఢం వచ్చిపడింది. కొత్త జంట కలిసి ఉండకూడదట. కరోనా వదిలినా ఆషాఢం వదల్లేదు. శ్రావణంలో, సూరత్ పక్కనున్న జోల్వాలో మగ్గాల పనికి తిరిగొస్తున్న తమ ఊరి దంపతులతో కలిసి బయల్దేరానని స్వరూప ఫోన్ చేసింది. సంతోషం ఒక నిమిషం, ఆ తర్వాత చెమటలు. ఎండ వచ్చే గది కోసం అడాజన్ అంతా తిరిగాను. ఆ రోజుల్లో కొత్తవాణ్ని ఎవరూ గేటు లోపలికి రానివ్వలేదు. చివరికి పసుపు పర్దా, దిండు, తులసికుండీ మాత్రం కొనగలిగాను. సూర్యుడు దొరకలేదు.

స్టేషన్లో మాస్కు పైన రెండు కళ్లే కనిపించాయి. అవి నవ్వుతున్నాయో లేదో తెలియలేదు. గదికి వచ్చాక ఆమె చెప్పులు విప్పి, నేరుగా వెళ్లి పర్దా జరిపి కిటికీ తెరిచింది. ఎదురుగా గోడ. అటే తిరిగి నిలబడింది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకున్నాను. అంతా కక్కేశాను. కిరణాలు, అంకెలు, కూల్చిన బిల్డింగు, తిప్పిన ముల్లు, మొలిపించిన ఆరు ఆకులు, ఏదీ వదల్లేదు.

ఇటు తిరిగింది. ఊపిరాడనంతగా నవ్వుతోంది.

"నాకు మూడో నాడే తెలుసు" అంది మాస్కు తీసి. "అమ్మ చెప్పింది. పొద్దుగాల గా కిటికీలకెల్లే ఎండ, మధ్యాహ్నం గా కిటికీలకెల్లే, మాపటికి గూడ గా కిటికీలకెల్లే. మీ ఇల్లు సూర్యుని ఎంబడి గిర్రున తిరుగుతదా బిడ్డా అని అడిగింది."

మా అత్తగారు ముప్పై ఏళ్లుగా వాకిట్లో కూర్చుని, నీడ జరిగినకొద్దీ చాట జరుపుకుంటూ బీడీలు చుట్టే మనిషి. ఏ గంటకు ఎండ ఎటుంటుందో ఆమెకు ఏ సాఫ్ట్‌వేరూ చెప్పనక్కర్లేదు. నేను మూడు బొమ్మలకూ ముల్లును మూడు దిక్కులు తిప్పాను. ఆ మూడూ పక్కపక్కనే పెట్టి చూసేవాళ్లుంటారని మాత్రం తోచలేదు.

"మరి తులసాకులు ఎందుకడిగినవ్?"

"ఏం జేస్తవో సూద్దామని."

"తెలిసినప్పుడే చెప్పొచ్చు గదా."

ఆమె నవ్వు ఆగింది. మంచం మీద గోడవైపు కూర్చుని, కొత్త దిండును ఒళ్లోకి తీసుకుంది.

"చెప్తె పంపుడు బందు చేస్తుంటివి. నాలుగు నెలలు నేను గా రూంలనే ఉన్న."

లేచి చాయ్ పెట్టాను. గ్లాసును రెండు చేతులతో పట్టుకుని ఊదింది. అంతలో క్షేమంగా చేరిందా అని అత్తగారు ఫోన్ చేసి, ఫోన్ నాకిమ్మంది.

"అల్లుడూ, బిడ్డ మంచిగనే చేరింది గదా?"

"చేరింది అత్తమ్మా."

"సంతోషం. సూర్యుడు యాడున్నడు ఇప్పుడు?"

అందుకే మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నా కంఠంలో ప్రాణం ఉండగా ఏ ఇంటి ఉత్తరాన్నీ దాని చోటు నుంచి కదిలించను. కదిలించక తప్పని రోజు వస్తే, ముందుగా కోరుట్లకు ఫోన్ చేసి మా అత్తగారి అనుమతి తీసుకుంటాను.