పొయ్యిలో ఆరిన రాళ్ళు

ఒక్కచోట కుదురుగా కూర్చోవడం నా వల్ల కాదు. మెషిన్ కోసం ఎదురుచూసిన ఆ నాలుగు రోజులైతే మరీనూ. హైదరాబాదు ల్యాబులో రాళ్ళని పరీక్షించే ఆ మెషిన్ నాకు దొరికేది సోమవారం. ల్యాబులో వదలడానికి మనసొప్పక, నా మూడేళ్ళ చదువుకి ఆధారమైన ఆరు ఆకుపచ్చ రాతి గింజల్ని సీసాలో వేసుకుని, తుమ్మపాల దగ్గర మామయ్య ఇంటికి వచ్చేశాను. భూమి అడుగునుంచి అగ్నిపర్వతం పైకి తెచ్చిన గింజలవి. చూడ్డానికి ఎండు రాళ్ళే. లోపల మాత్రం లవలేశం నీరు ఇరుక్కుని ఉంటుంది. అదెంతో కొలవడమే నా పని.

మామయ్య బెల్లం వండుతాడు. ఆ పొద్దున చెరకు రసం కాగే పెనం కింద పొయ్యి భగభగమంటోంది, బయట ముసురు. సిగ్నల్ కోసం అనకాపల్లి పోతూ సీసా ఆయన చేతిలో పెట్టాను. ఏమిటివని అడిగాడు. పరీక్షకి రాళ్ళు, చుక్క తడి తగలకూడదన్నాను. అంతకంటే చెప్పే ఓపిక లేదు. చెప్పినా ఆయనకేం అర్థమవుతుందిలే అనుకున్నాను, అదీ నిజం.

మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి పొయ్యి నోట్లో ఇనప గరిటె ఎర్రగా కాలుతోంది. అందులో నా గింజలు. పాక కప్పు కారి, మూత సందుల్లోంచి సీసాలోకి తడి దిగిందట, పొద్దుట్నించీ ఆరబెడుతున్నాడట.

నోటికొచ్చినట్టు అరిచాను. ఆ సెగకి లోపలి నీరు ఎగిరిపోయి ఉంటుందని, ఆ కాస్త నీటివల్లే భూమి అడుగున రాయి మెత్తబడుతుందని, తొందరగా కరుగుతుందని అప్పుడు చెప్పాను. పొద్దున చెప్పాల్సింది.

మామయ్య గరిటె దింపి పక్కన పెట్టాడు.

"అంటే బెల్లంలాగే కదమ్మీ. కూసింత తడి మిగిలిందంటే అచ్చు నిలబడదు, మెత్తబడిపోద్ది. నేను రోజూ సూసేది అదే."

మూడేళ్ళుగా ఎవరికీ ఇంత సూటిగా చెప్పలేకపోయాను. సిగ్గేసింది.

"లోపల నీరుందని ఒక్క ముక్క సెప్పుంటే, పొయ్యి దగ్గరికే రానిచ్చేవోణ్ణి కాదు" అన్నాడు మెల్లగా.

సోమవారం మెషిన్ మీద ఆరు గింజలూ పెట్టాను. ఆరింటికీ తెర మీద గీత చదునుగా వచ్చింది. నీటి జాడే లేదు. ఎవరు చేశారీ పని అని మా గైడు అడిగారు.

నేనే ఆరబెట్టానని చెప్పాను. అబద్ధం చెప్పినట్టు అనిపించలేదు.