బాలప్ప పానా పట్టని నలభై రోజులు

బాలప్పకు ఒకటే రోగం. నట్టు కనబడితే బిగించాలి. అది తన నట్టా, పరాయి నట్టా, ఇదివరకే బిగిసి ఉన్న నట్టా అన్న విచారణ ఆయనకు లేదు. జేబులో పెన్ను పెట్టుకునేవాళ్లుంటారు, దువ్వెన పెట్టుకునేవాళ్లుంటారు. బాలప్ప మాత్రం ప్యాంటు వెనక జేబులో జానెడు ఇనుప పానా పెట్టుకుంటాడు. ఆ బరువుకు ఒక పక్కకు ఒరిగి, ఎప్పుడు చూసినా మలుపు తిరుగుతున్న లారీలా నడుస్తాడు.

ఒకసారి చేవెళ్లలో మొయినాబాద్ వెళ్లే బస్సెక్కాడు. కూర్చున్న సీటు కొంచెం కదిలింది. ఇంకేం, కిందికి వంగి పని మొదలుపెట్టాడు. కండక్టర్ పరుగెత్తుకొచ్చాడు.

"ఏం పీకుతున్నవ్ పెద్దమనిషీ?"

"పీకుతలేను సారు, బిగిస్తున్న."

"సీటు ఎత్తుకపోదామనా? లే, లే!"

"ఎత్తుకపోయి ఏం చేసుకుంట సారు? మా ఇంట్ల కుర్చీలున్నయ్. అవి కదలయ్ గూడ."

ఒక వరస సీట్లు పూర్తిచేసి తలెత్తేసరికి మొయినాబాద్ ఎప్పుడో దాటిపోయింది, మెహిదీపట్నం వచ్చింది.

ఇంట్లో ఇంకో గోస. ఆయన బిగించిన నల్లా ఆయన తప్ప ఎవరూ తిప్పలేరు. భార్య కృపాజ్యోతి బిందె చంకన పెట్టుకుని ఫోన్ చేసేది. "నల్లా ఎవరు తిప్పాలె? మీ తాత వస్తడా?" బాలప్ప కనకమామిడిలో లోడు దించుతూ, "గంటల వస్త, జర ఆగు" అనేవాడు. "నేను ఆగుత. నీళ్లు ఆగుతయా?"

చర్చిలో మరీ ఘోరం. ఎవరో పొడుగాటి బోధకుడు వచ్చి వెళ్లాక, మైకు స్టాండు అదే ఎత్తులో ఉండగా బాలప్ప బిగించేశాడు. పాస్టర్ యోసేపు అయ్యగారు పొట్టిమనిషి. మూడు ఆదివారాలు మునివేళ్ల మీద నిలబడి, ఫ్యాను వైపు చూస్తూ ప్రసంగం చేశారు. "అయ్యగారి చూపు పరలోకం మీదనే ఉన్నది" అని ముసలమ్మలు కళ్లు తుడుచుకున్నారు.

ఇలాంటి బాలప్పను అందరికంటే ఎక్కువ ఏడిపించినవాడు ప్రేమ్‌చంద్. ఇంటర్ రెండుసార్లు తప్పి, "నన్ను భరించే శక్తి ఆ కాలేజీకి లేదు" అని స్టీరింగు పట్టినవాడు. ఇద్దరూ పాండన్న దగ్గర టిప్పర్ డ్రైవర్లే. పాండన్నకు ఆరు టిప్పర్లు. ఫామ్‌హౌసులకు మొరం, కంకర తోలడం పని.

టిప్పర్ కింద గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాల దాకా ఒక పొడవాటి ఇనుప గొట్టం ఉంటుంది. ఇంజను బలాన్ని చక్రాలకు మోసేది అదే. డ్రైవర్లు దాన్ని జాయింట్ అంటారు. గుంతల్లో ఊగి ఊగి దాని నట్లు వదులైతే జాయింట్ ఊడి రోడ్డు మీద పడుతుంది. అప్పుడు ఇంజను ఎద్దులా రంకెలేస్తుంది, బండి మాత్రం కదలదు.

ప్రేమ్‌చంద్ జాయింట్ ఆరేళ్లలో ఒక్కసారీ పడలేదు. అదే ఆయన ఆస్తి, అదే ఆయన డిగ్రీ. శాంతమ్మ హోటల్ దగ్గర పొద్దున్నే ఆరు టిప్పర్లూ చాయ్ కోసం ఆగితే, రోజూ ఇదే హరికథ.

"గేరు ఎట్ల వేస్తనో ఎరుకేనా? నిద్రపోయే పసిపిల్లను పక్కకు జరిపినట్టు. ఒకపాలి లోడు బండిని న్యూట్రల్‌ల గుట్ట ఎక్కించిన."

"న్యూట్రల్‌ల ఎట్లెక్కింది?" అన్నాడు తోటి డ్రైవర్ ప్రవీణ్.

"నా మీదున్న గౌరవంతోటి."

ఆ ఏడాది పాండన్న ఒక మాటన్నాడు. "ఈస్టర్ అయినంక కొత్త టిప్పర్ వస్తున్నది. ఏసీ క్యాబిన్. అప్పటిదాంక రోడ్డు మీద ఆగనోనికే తాళంచెవి." ప్రేమ్‌చంద్ ఆ సాయంత్రమే ఎంకపల్లిలోని అత్తగారింటికి వెళ్లి, కొత్త బండి వచ్చేసినట్టే చెప్పాడు. "లోపల చలికి దుప్పటి కప్పుకోవాలె మామా" అని కూడా అన్నాడు. భార్య ప్రగతి దుప్పటి కొనేసింది.

ఇక మిగిలింది ఈస్టర్ ముందు వచ్చే నలభై శ్రమదినాలు. ఆ రోజుల్లో సంఘంలో ఒక్కొక్కరు ఒక్కొక్క ఇష్టాన్ని వదులుకోవాలి. ఒకరు కోడికూర వదిలారు, ఒకరు బీడీ వదిలారు. అప్పుడు ప్రేమ్‌చంద్ లేచాడు.

"అయ్యగారూ, మా బాలప్పన్న పానా వదిలేస్తే ఎట్లుంటది?"

యోసేపు అయ్యగారు ఒకసారి తలెత్తి మైకు వంక చూశారు. "ఇది నీ మాట కాదు నాయనా, దైవప్రేరణ" అన్నారు. ఆడవాళ్ల వైపు నుంచి కృపాజ్యోతి "ఆమెన్" అన్నది, కిటికీ అద్దాలు అదిరేలా. బాలప్ప పాలిపోయిన ముఖంతో పానా తీసి అయ్యగారి చేతిలో పెట్టాడు.

"మరి నువ్వేం వదుల్తవ్?" అని అయ్యగారు ప్రేమ్‌చంద్‌ను అడిగారు.

"గొప్పలు చెప్పుడు వదిలేస్త."

చర్చి మెట్లు దిగకముందే, "నా అంత గట్టిగ గొప్పలు వదిలినోడు ఈ జిల్లాల లేడు" అన్నాడు.

జేబు బరువు తగ్గడంతో బాలప్ప నిటారుగా నడవసాగాడు. చాలామంది ఆయన్ను గుర్తుపట్టలేదు. పది రోజులు గడిచాయి. పదకొండో రోజు ప్రవీణ్ బండి జాయింట్ పడింది. రెండు వారాలు తిరగకుండా ఇంకో మూడు బండ్లవి పడ్డాయి.

"రోడ్డు కాదవ్వా, చెయ్యి మంచిగుండాలె" అన్నాడు ప్రేమ్‌చంద్, శాంతమ్మ చాయ్ వడపోస్తుంటే.

"గొప్పలు బంద్ చేసినవంట గద?"

"ఇది గొప్ప కాదు, వార్త."

బాలప్ప పక్కకు వచ్చి గొంతు తగ్గించాడు. "ప్రేమూ, నీ బండి కిందికి ఒక్కపాలి దూరి చూడరాదు?"

"నా బండి నాకు తెల్వదా అన్నా?"

మర్నాడు, అంటే ఇరవై నాలుగో రోజు, కనకమామిడి దగ్గర ఎత్తు ఎక్కుతుంటే కింద ఫిరంగి పేలినట్టు చప్పుడైంది. ఇంజను రంకెవేసింది. బండి ఆగిపోయింది. వెనక బస్సు డ్రైవర్ తల బయటపెట్టి, "ఓ గౌరవమన్నా! న్యూట్రల్‌ల పోతలేదా?" అన్నాడు. ఆ హరికథ బస్సుల దాకా పాకిందని ప్రేమ్‌చంద్‌కు అప్పుడే తెలిసింది.

వెనకే వచ్చిన బాలప్ప తన బండి ఆపి దిగాడు. చేతులు వెనక్కి కట్టుకుని వంగి చూశాడు.

"పానా తీయి."

"నువ్వు ముట్టవు గదన్నా?"

"నేను ముట్ట. నువ్వు దూరు. ఎట్లనో నేను చెప్త."

ప్రేమ్‌చంద్ సీటు కింది సామాన్ల పెట్టె తీశాడు. ఆరేళ్లుగా కంపెనీ ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. కవరు చించి, పానా పట్టుకుని, జీవితంలో మొదటిసారి తన బండి కింద వెల్లకిలా పడుకున్నాడు. జాయింట్ ఒక చివర ఊడి వేలాడుతోంది. రెండో చివర నట్లు ఇంకా పట్టుకునే ఉన్నాయి. ప్రతి నట్టు మీదా సన్నగా ఒక గులాబీ రంగు గీత ఉంది. నట్టు మీద సగం, దాని కింది ఇనుము మీద సగం.

"అన్నా, ఈ రంగేంది?"

"మా ఆశా గోళ్ల రంగు. నట్టు కదిలితే గీత తప్పుతది, జల్ది కనబడతది."

"నా బండికి మీ బిడ్డ గోళ్ల రంగు ఎట్లొచ్చింది?"

బాలప్ప చెవి గోక్కున్నాడు. "మీరు చాయ్ తాగంగ ఒక్కో బండి కిందికి దూరుతుంటి. ఎవరన్న చూస్తే నీడకు పండుకున్న అంటుంటి."

"ఆరు బండ్లా? ఆరేండ్లా? ఒక్క మాట చెప్పద్దా?"

"చెప్పిన. నువ్వొచ్చిన కొత్తల, నట్లు వదులైనయ్ రా అంటే, నా బండి మీద చెయ్యేస్తే మంచిగుండదని అంగీ పట్టుకుంటివి. మిగిలినోళ్లు గూడ అంతే. డ్రైవర్ల మర్యాద డ్రైవర్లది. అందుకే చెప్పుడు బంద్ చేసి, బిగిచ్చుడు షురూ చేసిన."

"మరి నీ బండి జాయింట్ ఎట్ల పడలే?"

"కృపాజ్యోతి బిగిస్తున్నది. నేను ముట్టనన్న గని, ఆమె ముట్టనన్లే. కానీ పాపం మోకాళ్ల నొప్పులు, ఒక్క బండికే ఓపిక."

బాలప్ప చెప్పినట్టే ప్రేమ్‌చంద్ జాయింట్ ఎత్తి నట్లు బిగించాడు. గ్రీసు పూసుకున్న ముఖంతో బయటికొచ్చేసరికి, కబురందుకుని వచ్చిన పాండన్న ఎదురుగా నిలబడి ఉన్నాడు.

"ఆగినవ్ గద బిడ్డా?"

"ఆగిన. ఆరేండ్లు ఆగకపోవుడు నా గొప్ప గాదన్నా, బాలప్పన్నది. రోజు మా నట్లన్ని ఆయననే బిగిస్తుండె. కొత్త బండి ఆయనకే ఇయ్యి."

పాండన్న ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు. "ఎండదెబ్బనా? నీ నోట్ల ఇంకొకని పేరా? కథలు బంద్ చేసి బండి పక్కకు తీయి." పోతూ పోతూ, ఆగని బండి ఒక్కటే మిగిలింది కాబట్టి తాళంచెవి బాలప్పకేనన్నాడు.

పాండన్న వెళ్లాక బాలప్ప దగ్గరికొచ్చాడు. "ఇంక ఎవలకు చెప్పకు ప్రేమూ. నా చెయ్యి మంచిదని ఎవనికి వాడు అనుకుంటుండు. అనుకోనియ్యి. ఏం పోయింది?"

అలా ఈస్టర్ దాకా మిగిలిన పదహారు రోజులు ఆరు బండ్ల కిందా ప్రేమ్‌చంద్ దూరాడు. ఒక్క జాయింట్ పడలేదు. అయినా నోరు విప్పడానికి లేదు! చెయ్యని పనులు ఊరంతా చెప్పుకున్నవాడు, చేసిన ఒక్క పనిని కడుపులో దాచుకోవాల్సి వచ్చింది. రాళ్లు తిన్నా అరిగే కడుపులో ఆ మాట మాత్రం అరగలేదు. ప్రగతి వాము నీళ్లు తాగించింది.

ఆ పదహారింట్లో చివరి రోజు ఆగలేకపోయాడు. శాంతమ్మ చెవిలో చెప్పేశాడు. "అవ్వా, ఈ బండ్ల నట్లన్ని నేనే బిగిస్తున్న."

శాంతమ్మ నవ్వి నవ్వి గిన్నె దించి పక్కన పెట్టింది. "న్యూట్రల్‌ల గుట్ట ఎక్కినవంటే గూడ నమ్మిన గని, ఇది మాత్రం నమ్మ. నీ కథలు తర్వాత, ముందుగాల చేతులు కడుక్కో. పదిహేను దినాల సంది నా గ్లాసులన్ని గ్రీసు గ్రీసు చేస్తున్నవ్."

బల్ల మీద కూర్చుని వేడి చాయ్ ఊదుకుంటున్న బాలప్ప లేచి, చెంబు తీసుకుని, ప్రేమ్‌చంద్ చేతుల మీద నీళ్లు పోశాడు.