ఊపిరి పట్టీ ఎవరిది

మీరింత పెద్ద కంపెనీ ఎలా పెట్టారని కాలేజీ సభల్లో ఆడపిల్లలు అడిగితే, ఓర్పూ క్రమశిక్షణా అని ఆమె చెప్పదు. "నన్నొకాయన అవమానించాడు" అంటుంది.

నెలలు నిండకుండా పుట్టిన పసికందులు నిద్రలో ఉన్నట్టుండి ఊపిరి తీసుకోవడం మానేస్తారు. అలా ఆగిన క్షణాన కుయ్యిమని మోగే, పొట్టకి చుట్టే మెత్తటి పట్టీని తయారుచేసింది ఆమే. పిల్లల వార్డులో నర్సుల పక్కన స్టూలేసుకుని కూర్చుని, పట్టీ ఒరుసుకుని పసివాళ్ళ పొట్ట కందినప్పుడల్లా విప్పి, మళ్ళీ కుట్టి, ఒక కొలిక్కి తెచ్చింది.

డాక్టర్ల సభలో మాత్రం వేదికెక్కింది అప్పట్లో ఆమె పనిచేసే కంపెనీ మేనేజరు. "నేను చేసిన పట్టీ" అన్నాడు. చప్పట్లు మోగుతుంటే ఆమె వైపు చెయ్యి చూపించి, "మా ఆఫీసు అమ్మాయి. కుట్టుపని బాగా చేస్తుంది" అన్నాడు. హాలంతా నవ్వింది. ఆమె కూడా నవ్వాల్సొచ్చింది. ఆ నవ్వే మనసులో ముల్లయి కూర్చుంది.

ఇంటికొచ్చి అత్తగారి దగ్గర భోరుమంది. ఆవిడ రిటైరైన నర్సు, నోరున్న మనిషి.

"నువ్వేడిస్తే వాడికేం పోయిందే? కళ్ళు తుడుచుకో. పాము పగ పన్నెండేళ్ళంటారు. నువ్వు పామునే మించాలి."

మించింది. ఉద్యోగం మానేసి, ఇంటి వెనక గదిలో సొంత కంపెనీ మొదలుపెట్టింది. పాత పట్టీ పిల్లలు కదిలినా మోగేది. కొత్తది ఊపిరాగితేనే మోగింది. ఆస్పత్రులన్నీ ఒక్కొక్కటే ఇటు తిరిగాయి. పాత కంపెనీ మూతపడే వేళకి దాన్ని మనుషులతో సహా కొనేసింది.

మేనేజరు, ఇప్పుడామె కూర్చున్న తన పాత గదిలోకే వచ్చి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"పాత సంగతులు మనసులో పెట్టుకోకమ్మా."

"అయ్యో, మిమ్మల్ని తీసేస్తానా సార్? ఆస్పత్రులకెళ్ళి మన పట్టీ చూపించండి. కాకపోతే ప్రతిచోటా ముందు ఒక్క మాట చెప్పాలి. 'మొదటి పట్టీ ఆమె చేసింది, నేను దొంగిలించాను' అని."

ఆ వయసులో ఆయనకి ఇంకో ఉద్యోగం ఎవరిస్తారు? ఒప్పుకున్నాడు.

మొదటి ఆస్పత్రికి ఆమె పనిగట్టుకుని వెళ్ళి ముందు వరసలో కూర్చుంది. ఆయన ఆ మాట గొణిగాడు. "వెనకవాళ్ళకి వినపడలేదు సార్" అందామె. మళ్ళీ చెప్పాడు. ఆమె ప్రాణం లేచొచ్చినట్టయింది.

అలా ఎన్ని ఆస్పత్రులో! చివరికి ఆమె దగ్గర కొత్తగా చేరిన ఇంజినీరు పిల్ల ఉండబట్టలేక అడిగేసింది.

"నర్సులు ఆయన్ని చూసి నవ్వుతున్నారు మేడమ్. చూడలేకపోతున్నాం. రేపు మేం తప్పు చేస్తే మాకూ ఇదేనా?"

"తప్పుకి కాదు. దొంగతనానికి."

ఆ పిల్ల వెళ్ళిపోయింది గానీ, పోతూ చూసిన చూపు ఆమెను చురుక్కుమనిపించింది. అయినా మేనేజరు పని మార్చలేదు. ఆయనే రాజీనామా చేసి పోయాడు.

"పీడా పోయింది కదా, మరి మొహం అలా పెట్టావేం?" అంది అత్తగారు, కంచం ముందుకు జరుపుతూ.

"ఇంకొన్నాళ్ళుంటాడనుకున్నాను అత్తయ్యా."

తర్వాతి డాక్టర్ల సభలో ఇంజినీరు పిల్ల తను చేసిన కొత్త యంత్రంతో ఒక్కతే వేదికెక్కింది. యజమానురాలు బయటి వరండాలో నిలబడి, "ఇది నేను చేశాను" అన్న ఆ పిల్ల మాట తలుపు సందులోంచి విన్నది.