నందిగామ దగ్గర పోలింగ్ రోజున సమస్యలే లేవన్న ఊరు

ఉదయం పదకొండు గంటలకు, మా మేనకోడలు శ్రావ్య నింపిన సర్వే కాగితాలను నమ్మడానికి లేదని తేలింది. ఎంఏ చివరి ఏడాది చదువుతున్న ఆమెకు ఇదే మొదటి సర్వే. ఓటేసి వచ్చినవాళ్లు ఏ సమస్యను మనసులో పెట్టుకుని ఓటేశారో అడగాలి. ఎవరికి వేశారని అడగకూడదు. పోలింగ్ ఒక్కరోజే కాబట్టి ఇది పోతే ప్రాజెక్టు పోయినట్టే. వాళ్లమ్మ ఒంటరిగా పంపనంటే నేను తోడు వెళ్లాను.

విజయవాడలో ఆరింటికి బస్సెక్కితే కంచికచర్ల మీదుగా నందిగామకు గంటకు పైగా పట్టింది. అక్కడి నుంచి ఊళ్లోకి షేర్ ఆటో, మనిషికి ముప్పై రూపాయలు. ఆ ఊరివాడే అయిన డ్రైవరు దారంతా మంచినీళ్ల గురించే చెప్పాడు. కుళాయి వారానికి రెండుసార్లు వస్తుందట, అదీ ఉప్పునీరట.

పోలింగ్ జరిగే బడికి దూరంగా, వేపచెట్టు కింద బల్ల వేసుకుని కొందరు ఓటరు స్లిప్పులు రాసిస్తున్నారు. జెండా లేదు, కండువాలు లేవు. ఎండలో నిలబడ్డ శ్రావ్యకు వాళ్లే కుర్చీ వేసి మజ్జిగ ఇచ్చారు. అక్కడే కూర్చుని మొదలుపెట్టింది. వచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట, ఏ సమస్యా లేదని. నీళ్లు బాగానే వస్తున్నాయన్నారు. శ్రావ్య అయోమయంగా నా వైపు చూసింది. నాకూ అర్థం కాలేదు.

ఎదురుగా ఉన్న టిఫిన్ బండి దగ్గర ఇడ్లీ తింటుంటే, ఇందాక నీళ్లు బాగున్నాయన్న పెద్దావిడే వచ్చి ఉప్పునీళ్లను తిట్టడం మొదలుపెట్టింది. అదేంటని అడిగాను.

“అక్కడ కూర్చుని అడిగితే ఇంకేం చెప్తామండి? ఆ కుర్చీ సర్పంచి గారి తమ్ముడిది. జెండా లేకపోతే మాత్రం మాకు మొహాలు తెలవవా?”

నేను విషయం చెబితే శ్రావ్య బల్ల దగ్గరివాళ్లకు థాంక్స్ చెప్పి రోడ్డుకు ఈ పక్కకు వచ్చేసింది. ఇప్పుడు అందరూ నీళ్లే సమస్యన్నారు. ఇంతలో ఒకాయన ఆగాడు.

“పొద్దున ఆ పక్క, ఇప్పుడు ఈ పక్క. నువ్వెవరి తరఫునమ్మా?”

“ఎవరి తరఫునా కాదండి. కాలేజీ తరఫున.”

“కాలేజీ ఎవరిదీ?”

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. శ్రావ్య నవ్వలేదు. తను పార్టీ మారిందనుకుని జనం జవాబులు మార్చారేమోనని ఆమె అనుమానం.

“నిజం ఏది మావయ్యా?” అంది. కుళాయి చూద్దామంటే ఆ రోజు నీళ్లొచ్చే రోజు కాదు. చివరికి ప్రతి కాగితం మీదా తాను ఏ పక్కన ఉండి అడిగిందో రాసింది.

మధ్యాహ్నం జగ్గయ్యపేట బస్సెక్కాం. ముప్పావుగంట ప్రయాణం. అక్కడ మొదటి ఓటరు జవాబు చెప్పకముందే, ఎవరు పంపారని అడిగాడు. పోలింగ్ వార్తలు చాలా రాశాను. ప్రశ్న వినేముందు అడిగేవాళ్లెవరో తేల్చుకోవడం ఇక్కడివాళ్లకు అలవాటని తెలుసు. ఆ లెక్కన ఏ జవాబును ఎంత నమ్మాలో మాత్రం ఇప్పటికీ తెలియదు. సర్వేకు వెళ్లేవాళ్లు గొడుగు, మడత కుర్చీ సొంతవి తీసుకెళ్లండి.

శ్రావ్య సోమవారం ఉదయం పదింటికి రెండు పక్కల కాగితాలనూ తన గైడ్ ముందు పెడుతుంది. ప్రాజెక్టు చెల్లుతుందో లేదో ఆయన అప్పుడు చెబుతారు.