మిరప చేతుల కమ్లి

కొండ్రుపాడు గ్రంథాలయంలో ‘ఉచితం’ అని రాసి ఏ కార్యక్రమం పెట్టినా ముందు వరసలో మొదటి కుర్చీ కమ్లిదే. ఆ కార్యక్రమం ఎవరి కోసమన్నది ఆమెకు అనవసరం. పిల్లలకు చదరంగం నేర్పిస్తామంటే వచ్చి కూర్చుంది. దూరదర్శినిలో చంద్రుణ్ణి చూపిస్తామంటే పిల్లలందర్నీ పక్కకు జరిపి మరీ చూసింది. ఖమ్మం నుంచి ఒక పెద్దాయన వచ్చి గ్రూప్స్ పరీక్షలు రాసే కుర్రాళ్లకు ఉచిత సదస్సు పెడితే, అక్కడా ముందు కుర్చీలో చెంగు సర్దుకుని కూర్చుంది. ఆయన రెండుసార్లు చూసి, ఉండబట్టలేక అడిగాడు.

“అమ్మా, మీ బాబు కోసం వచ్చారా?”

“బాబు లేడు సారూ. నా కోసమే వచ్చిన.”

“మీరు గ్రూప్స్ రాస్తారా?”

“రాయను. రాసేటోళ్లకు ఏం చెప్తరో ఇందామని వచ్చిన. ఇననీకి గూడ పరీక్ష ఉంటదా ఏంది?”

హాలంతా గొల్లుమంది. కమ్లి మాత్రం కదల్లేదు. సదస్సు అయ్యాక ఇచ్చిన బిస్కెట్ ప్యాకెట్టు, టీ కూడా హక్కుగా తీసుకుంది.

కమ్లిది చింతలగుట్ట తండా. పెనుబల్లి దాటి వెళ్తుంటే రోడ్డు అడవి అంచును రాసుకుంటూ మలుపు తిరిగే చోట కొండ్రుపాడు వస్తుంది. అక్కడ దిగి, టేకు చెట్ల మధ్య మట్టిదారి పట్టుకుంటే తండా. ఇంట్లో లంబాడీ మాట, బయట తెలుగు, కోపమొస్తే రెండూ. రెక్కలు తప్ప ఆస్తి లేదు. బడి మొహం చూడలేదు. గ్రంథాలయం గడప ఎక్కింది కూడా చదువు కోసం కాదు. షేర్ ఆటో కోసం నిలబడితే వాన దంచికొట్టింది. వసారాలోకి పరిగెత్తింది. లోపల ఎవరో పిల్లలకు కథ చెబుతున్నారు. తడిసిన చీర పిండుకుంటూ కిటికీలోంచి వింది. వాన తగ్గింది, ఆటో వచ్చింది, వెళ్లిపోయింది. కమ్లి వెళ్లలేదు.

గ్రంథాలయం చూసుకునే అమ్మాయి జ్యోత్స్న. ఖమ్మంలో ఖానాపురం హవేలి నుంచి రోజూ బస్సులో వస్తుంది. కాంట్రాక్టు ఉద్యోగం, ఉత్సాహం ఎక్కువ, భయం కూడా కొంచెం ఎక్కువే. ఆ సంక్రాంతి సెలవులు అవగానే ఆమె ఒక బోర్డు పెట్టింది. పెద్దవాళ్లకు సాయంత్రం పూట చదవడం నేర్పుతాం. మూడు నెలలు. ఉచితం. చివర్లో ఒక ఆదివారం సభ పెట్టి, నేర్చుకున్నవాళ్లు తలా ఒక పేజీ అందరి ముందూ చదవాలి.

ఎవరో చదివి వినిపిస్తే, ఆ చివరి మాట కమ్లికి పట్టుకుంది. ఎందుకంటే ఆమెకొక పాత లెక్క ఉంది. వయసులో ఉన్నప్పుడు సత్తుపల్లి బస్టాండులో బోర్డు చదవమని కుర్రాళ్లను అడిగితే, పెనుబల్లి బస్సని చెప్పి వేంసూరు బస్సెక్కించారు. కిటికీలోంచి చూస్తే వాళ్లు కడుపు పట్టుకుని నవ్వుతున్నారు. ఆ నవ్వు ఇన్నేళ్లయినా ఆమె చెవిలోంచి దిగలేదు. అందరి ముందూ చదవాలి. అదొక్కటే కోరిక.

ఆ మాట ఇంట్లో చెబితే మొగుడు భద్రు బీడీ పక్కన పెట్టి నవ్వాడు.

“ఈ వయసుల చదివి కలెక్టరమ్మ అయితవా ఏందే?”

“అయిత. అయినంక నువ్వు పోయే బెల్టుషాపు ముందుగాల మూయిస్త.”

భద్రు మళ్లీ బీడీ అందుకున్నాడు. కమ్లి మర్నాడు ఒక్కతే రాలేదు. తనతో మిరపకాయలు ఏరే గుంపులోని ఆడవాళ్లను వెంటేసుకొచ్చింది. కొండ్రుపాడు నాగలక్ష్మి అయితే, “అక్కా, నాకు సీరియల్ టైమే” అని గునిసింది. “సీరియల్ కింద పేర్లు పడతయి గదా, అవి చదువుదువు పా” అని చెయ్యి పట్టి లాక్కొచ్చింది.

చదువు బాగానే నడిచింది. ఒకరోజు కరెంటు పోయి ఫ్యాను ఆగింది. కమ్లి తలెత్తి చూసింది. రెక్క మీద ఎర్ర అక్షరాలు. వేలు గాల్లో ఆడిస్తూ కూడబలుక్కుంది. “వీ... ర... బా... బు! ఓ మేడం, వీరబాబు!” అని ఎగిరి గంతేసినంత పని చేసింది. ఆ గ్రంథాలయంలో ఫ్యాన్లన్నిటి మీదా ఆ పేరే. ఊళ్లో పెద్ద రైతు. ఆ జాగా కూడా వాళ్ల నాన్న ఇచ్చిందే. పొద్దున తలుపు తెరవగానే పొలం దగ్గర్నుంచి నేరుగా వచ్చి, వచ్చిన పేపర్లన్నీ అందరికంటే ముందు తనే చదివి, మడత పాడుచేసి వెళ్లడం వీరబాబు అలవాటు. కమ్లి వాళ్లు ఏరుతున్న మిరప తోట కూడా ఆయనదే.

గొడవ మిరపకాయతోనే మొదలైంది. కోత ఊపందుకునేసరికి గ్రంథాలయంలో కళ్లు మండుతున్నాయని ఫిర్యాదులు. గ్రూప్స్‌కు చదువుకునే సంతోష్ అనే కుర్రాడు పేపరు తిరగేసి, కన్ను నలుపుకుని, బోరు కాడికి పరిగెత్తి ముఖం మీద నీళ్లు కొట్టుకున్నాడు. మర్నాడు ఇంకొకడు. ఎవరివల్లన్నది ఎవరూ ఆలోచించలేదు. ఆలోచించే పనేముంది? మిరప తోటలోంచి వచ్చే ఆడవాళ్లు వెనక గదిలో కూర్చుంటున్నారు కదా!

మాట కమ్లి చెవిన పడింది. సరే, జాగ్రత్త పడదామనుకుంది. మిరప మంట నీళ్లకు పోదు, నూనెకు లొంగుతుంది. అది ఏరేవాళ్లందరికీ తెలిసిన సంగతే. అందుకని గుంపంతా మోచేతుల దాకా నూనె రాసుకుని చదువుకు వచ్చారు. చేతుల మంట పోయింది. తెల్లారి చూస్తే వాచకాల పేజీలన్నీ నూనె తాగి, ఇవతలి అక్షరాలు అవతలికి కనబడుతున్నాయి.

వీరబాబు ఒక పుస్తకాన్ని వెలుగుకు ఎత్తి పట్టాడు. “ఏంది కమ్లీ ఇది? పుస్తకంల బజ్జీలు పొట్లం గట్టిన్రా?”

కమ్లికి తల తీసేసినట్టయింది. “ఇది మాదే తప్పు బాబూ. కాదనను. పుస్తకాలు ఖరాబైనయి.”

“మరి కళ్లకు మంట పెట్టుడు?”

“అది మాదని నువ్వెట్ల జెప్తవ్?”

“ఇంకెవరిదే? చూడు జ్యోత్స్నా, సీజన్ అయిపోయేదాంక ఈళ్లను బందు పెట్టు. మా నాయిన జాగ ఇచ్చింది చదువుకునేటోళ్ల కోసం, కళ్లు పోగొట్టుకునేటందుకు కాదు.”

ఆయన పోయాక జ్యోత్స్న నెమ్మదిగా నసిగింది. “కమ్లక్కా, ఎండాకాలం సెలవుల్ల మళ్లీ పెడదాం. అప్పుడు మిరప పనుండదు కదా.”

“ఎండాకాలం బీడీల తునికాకు తెంపపోతం బిడ్డా. చేతులు జిగురు జిగురుంటయి. వానలు పడితే పత్తి గింజలు పెడతం. మట్టి. తర్వాత కలుపు, పసరు. దసరా అయినంక పత్తి తీసుడు. గోళ్లు చీరుకపోయి నెత్తురు. మళ్ల మిరప. ఏ నెలల మా చేతులు సాపుగుంటయో నువ్వే చెప్పు. గా నెలల్నే వస్తం.”

జ్యోత్స్న గుమ్మం వైపు చూసి, “పోనీ వసారాల కూర్చుందామా? అక్కడైతే ఎవరూ ఏమనరు” అంది.

“ఎందుకు కూసుంటం? నేను వానకు వచ్చినప్పుడు వసారాల నిలబడ్డ. ఇప్పుడు చదువుకు వచ్చిన. లోపల్నే కూసుంట.”

కూర్చుంది కూడా. చేతుల సంగతి తేల్చిందీ తనే. తండాలో కుంకుడు చెట్టు దులిపి ఒక గోతాం నిండా కాయలు తెచ్చింది. ముందు నూనె, ఆ తర్వాత కుంకుడు నురగ, గోళ్లలో వేపపుల్ల. గుంపంతా బోరు దగ్గర బారుగా కూర్చుని, ఒకరి చేతులొకరు తోముకుంటూ పాటలు. బస్సు దిగినవాళ్లు, ఇదేదో పెళ్లివారి విడిది అనుకున్నారు. ఆ తర్వాత పుస్తకం మీద చుక్క మరక పడలేదు. అయినా వీరబాబు తగ్గలేదు. “ఆదివారం సభ అంట గదా. నా ఫ్యాన్ల కింద ఎట్ల చదువుతరో చూస్త” అన్నాడట. ఆ మాట నాగలక్ష్మి మోసుకొచ్చింది.

“ఫ్యాన్లు ఇప్పుకపొమ్మను. చెమటకు సచ్చేటోళ్లం ఎవలున్నరిక్కడ?” అంది కమ్లి.

ఆదివారం వచ్చింది. తోటలో పండు కాయ ఆగదు కాబట్టి తెల్లారుజామునే ఏరడం మొదలుపెట్టి, ఎండెక్కేలోపు ముగించి, బోరు దగ్గర చేతులు కడుక్కుని, చెట్టు చాటున చీరలు మార్చుకుని గ్రంథాలయం ముందుకొచ్చారు. గుమ్మంలో అడ్డంగా కుర్చీ. కుర్చీలో వీరబాబు. చేతిలో పేపరు. లోపల సభకు వచ్చినవాళ్లు, చదువుకునే కుర్రాళ్లు. వెనకాల ఎక్కడో భద్రు కూడా నక్కి ఉన్నాడు, తనను ఎవరూ గుర్తుపట్టలేదనుకుంటూ.

“కుర్చీ జరుపు బాబూ.”

“జరపను. మంట చేతుల్తోని లోపలికి రానియ్య.”

“కడుక్కున్నం.”

“కడిగితే పోతదా? చిన్నప్పటి సంది మిరప పండిస్తున్న. నాకు చెప్తవా?”

జ్యోత్స్న పరిగెత్తుకొచ్చింది. “సార్, ప్లీజ్ సార్. అక్కా, నువ్వన్నా కొంచెం...”

“నువ్వు ఆగు బిడ్డా.” కమ్లి చేతులు రెండూ ఎత్తి గుంపుకంతా చూపించింది. తోమితోమి ఎర్రబడ్డాయి. “బాబూ, మంట ఉంటే యాడ తెలుస్తది? కంట్ల తెలుస్తది. చూడు మరి.”

అని, రెండు చేతుల వేళ్లూ రెండు కళ్లలో పెట్టి గట్టిగా నలుపుకుంది.

నాగలక్ష్మి “అయ్యో అక్కా!” అని కేకేసింది. కమ్లి చేతులు దించి, కళ్లు పెద్దవి చేసి వీరబాబునే చూసింది. రెప్ప వెయ్యలేదు.

నిజం చెప్పాలంటే, కొద్దిగా మండింది. గోటి సందులో దాగిన మిరప ఏ కుంకుడుకూ పూర్తిగా పోదు. ఎడమ కంట్లో సూది దిగినట్టుంది. ఆ ఎడమ కన్నే ఇంకొంచెం పెద్దది చేసింది. ఒక్క చుక్క జారితే చాలు, మూడు నెలల చదువు గుమ్మం బయటే ఉండిపోతుందని ఆమెకు తెలుసు. చుక్క జారలేదు.

“చూసినవా? ఇప్పుడు నువ్వు పెట్టుకో బాబూ.”

“నేనెందుకు పెట్టుకుంట?”

“నీ చేతులు సాపే గదా. మిరప చేతులు మావి. పెట్టుకో.”

వీరబాబు పౌరుషంగా చెయ్యెత్తాడు. చెయ్యి ముఖం దాకా వచ్చి, ముక్కు దగ్గర ఆగిపోయింది. ఆ పొద్దున కల్లంలో కాయలు ఎంత ఎండాయో చూడ్డానికి పటపటమని విరిచి విరిచి చూసింది ఆ చెయ్యే. రోజూ కల్లంలోంచి నేరుగా వచ్చి పేపర్లు తిరగేసేది కూడా ఆ చెయ్యే. ఆ సంగతి ఆయనకు అప్పుడే, అందరి ముందూ, గాల్లో చెయ్యి ఉండగానే తట్టింది.

ముందుగా నవ్వింది సంతోష్. “ఓ అంకుల్! మాకు కళ్లు మండేది పొద్దుగాల పేపరు చదివినప్పుడే. ఈళ్లు వచ్చేది సాయంత్రం. పేపరు ముట్టనే ముట్టరు గదా!”

“ఏయ్, నువ్వు నోర్ముయ్” అన్నాడు వీరబాబు. కానీ చెయ్యి మాత్రం కిందికి దించి పేపరు వెనక దాచుకున్నాడు. ఆ పేపరుకూ మిరప అంటిందని గుర్తొచ్చినట్టుంది, దాన్ని ఒళ్లోంచి దులిపి లేచాడు. కుర్చీ తనే పక్కకు లాగాడు. సారీ గీరీ ఏమీ లేదు. “ఫ్యాన్లు బందు చెయ్యకున్రి, ఉక్కపోస్తది” అని మాత్రం గొణిగాడు.

“చెయ్యం. నీ పేరు తిరుగుతనే ఉంటది” అంది కమ్లి.

సభలో మొదటి పేజీ ఆమెదే. పిల్లల కథల పుస్తకంలోంచి ఎలుగుబంటి కథ ఎంచుకుంది. అడవిలో ఇప్పపూలు ఏరుతూ ఒకసారి నిజం ఎలుగుబంటినే చూసింది కాబట్టి, తెలిసిన మొహం అని. లేచి నిలబడి పుస్తకం విప్పింది. అక్షరాలు ఈదుతున్నాయి. ఎడమ కన్ను భగభగమంటోంది. తుడుచుకుంటే వీరబాబు చూస్తాడు. ఆయన ఎక్కడికీ పోలేదు, చివరి వరసలో కూర్చున్నాడు. కమ్లి ఎడమ కన్ను సగం మూసి, కుడి కన్నుతో అక్షరాన్ని అక్షరాన్నీ మెడ పట్టి నిలబెట్టింది.

“అ... డ... వి... లో... ఒక... ఎ... లు... గు...”

ఎక్కడో కుర్రాడెవడో కిసుక్కుమన్నాడు. కమ్లి ఆగింది. పుస్తకం దించి, ఆ వైపు చూసింది. బస్టాండు నవ్వు గుర్తొచ్చింది. “నవ్వుకో బిడ్డా. నువ్వు గూడ ఒకప్పుడు ఇట్లనే చదివినవ్. నీ పేజీ అయిపోయింది, నాది ఇప్పుడు మొదలైంది. ఇను.” మళ్లీ మొదటి అక్షరం నుంచి ఎత్తుకుంది. గొంతు పెంచింది. పేజీ చివర చుక్క దాకా ఒక్క మాట మింగకుండా చదివింది. చప్పట్లు కొట్టింది ముందు భద్రు. అంత దాక్కున్నవాడు లేచి నిలబడి కొట్టాడు.

చదివి కూర్చున్నాక, అప్పుడు తుడుచుకుంది కళ్లు. ఇక ఎవరు చూస్తే ఏంటి?

జనం టీ తాగుతుంటే జ్యోత్స్న దగ్గరకొచ్చి, మెల్లగా అడిగింది. “అక్కా, నిజం చెప్పు. మండిందా?”

“మండింది. ఎవలకు చెప్పకు.” కమ్లి టీలో బిస్కెట్టు ముంచింది. గోడ మీద కొత్త కాగితం అంటించి ఉంది. కూడబలుక్కుంటూ తనే చదివింది. “ఉ... చి... త... కం... ప్యూ... టర్... శి... క్ష... ణ. ఇది ఎప్పుడు మేడం?”

“వచ్చే నెల అక్కా. కాని అది డిగ్రీ పిల్లల కోసం...”

“తునికాకు సీజన్ అది. జిగురు చేతులు ఉంటయి” అంది కమ్లి. “కుంకుడుకాయలు ఇంక సగం గోతాం ఉన్నయి. ముందటి కుర్చీ ఖాళీ పెట్టు.”